శ్రీకాకుళం, విజయనగరం రోడ్లకు సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ: ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ చూస్తున్నవాళ్లు ముందుగా అడిగేది "ఏ కంపెనీ మంచిది?" అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఏ రోడ్డు మీద తిరుగుతారు? వారం వారం శ్రీకాకుళం నుంచి విశాఖకు 16వ నంబరు జాతీయ రహదారి మీద పోయొచ్చేవారికి నప్పే బండి, సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు సామాను వేసుకుని వెళ్లే కాంట్రాక్టరుకు నప్పదు. పాలకొండలో ఇంటి నుంచి స్కూలుకి, స్కూలు నుంచి బజారుకి నాలుగేసి కిలోమీటర్లు తిప్పే మాస్టారికి ఆ రెండు బండ్లూ దండగే.

ఇంకో సంగతి. చౌకగా దొరికిన బండి చివరికి చౌక కాకపోవచ్చు. లెక్క ఇలా వేయాలి: కొన్న ధరకు, ఉంచుకున్నన్నాళ్ల రిపేర్లు కలిపి, అమ్మితే వచ్చేది తీసేసి, ఏళ్లతో భాగించాలి. ఉదాహరణకు ఆరు లక్షలకు కొన్న బండికి ఐదేళ్లలో లక్ష రిపేరు పడి, మూడున్నర లక్షలకు అమ్ముడుపోతే ఏడాదికి 70 వేలు అయినట్టు. నాలుగు లక్షలకే దొరికిన ఇంకో బండికి రెండుంపావు లక్షలు రిపేరు పడి, చివరికి లక్షా పాతికవేలు వస్తే ఏడాదికి లక్ష. మనవైపు బ్రెజ్జా, బొలెరో, ఇన్నోవా ధరలు దిగకపోవడం, డస్టర్, ఎక్స్‌యూవీ500 ధరలు జారిపోవడం వెనకున్నది ఈ లెక్కే.

పెట్రోలా, డీజిలా

పెట్రోలు లీటరు 109, డీజిల్ 97 రూపాయల చొప్పున వేసుకుందాం. ఒకే సైజు బండి పెట్రోలుకి 14, డీజిల్‌కి 19 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, నెలకు వెయ్యి కిలోమీటర్లకు పెట్రోలు ఖర్చు సుమారు 7,800, డీజిల్ ఖర్చు 5,100. తేడా 2,700, ఏడాదికి 32 వేలు. అదే నెలకు 400 కిలోమీటర్లే తిరిగితే మిగిలేది వెయ్యి చిల్లర, ఏడాదికి 13 వేలు. పాత డీజిల్ బండికి నాలుగు ఇంజెక్టర్లూ మార్చాల్సి వస్తే అరలక్ష దాటిపోవచ్చు. నాలుగేళ్ల మిగులు ఒక్క బిల్లుతో సరి. కాబట్టి నెలకు 600 లోపు తిరిగేవాళ్లు పెట్రోలు, వెయ్యి దాటేవాళ్లు డీజిల్ చూడండి. మధ్యలో ఉన్నవాళ్లు ఇంధనం సంగతి పక్కన పెట్టి, ఏ బండి కండీషన్ బాగుంటే అది తీసుకోండి.

డీజిల్‌లో మళ్లీ 2020 ఏప్రిల్ 1 ఒక గీత. ఆ రోజు నుంచి దేశమంతా బీఎస్6 అనే పొగ ప్రమాణం, అంతకుముందున్నది బీఎస్4. బీఎస్6 డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్ ఉంటుంది. పట్టిన మసిని అది తనకు తానే కాల్చుకోవాలి. దానికి ఇంజిన్ బాగా వేడెక్కి, 60 పైబడిన వేగంతో ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట దాకా హైవే మీద వెళ్తే ఆ పని అయిపోతుంది. ఊళ్లో రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే కాదు. మసి కాల్చడానికి అదనంగా వదిలిన డీజిల్ ఇంజిన్ ఆయిల్లోకి దిగి, డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. బీఎస్6 డీజిల్ చూసేటప్పుడు ఆయిల్ మట్టం పై గీత దాటి ఉంటే సంతోషించకండి, అది రోగం. టౌన్ వాడకానికే అయితే బీఎస్6 డీజిల్ జోలికి వెళ్లొద్దు. ఎక్కువ తిరిగేవాళ్లకు 2017 నుంచి 2019 మధ్య వచ్చిన బీఎస్4 డీజిల్ ఇప్పటికీ మంచి బేరం. ఎలక్ట్రానిక్స్ తక్కువ, షెడ్డులో చేయగలిగిన పని ఎక్కువ.

పెట్రోలు బండి అయితే ఈ20 సంగతి గుర్తుంచుకోండి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా బండ్ల రబ్బరు పైపులు, సీళ్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అలాంటి బండి కొంటే ఫ్యూయల్ పైపులు, ఇంజెక్టర్ల దగ్గరి ఓ-రింగులు గట్టిపడ్డాయా, చెమర్చుతున్నాయా అని చూపించుకోవాలి. మైలేజీ కొంత తగ్గుతుంది, దానికి మందు లేదు.

బండ్లు ఒక్కొక్కటిగా

విటారా బ్రెజ్జా డీజిల్ 2016 మార్చి నుంచి 2020 దాకా వచ్చింది. 1.3 లీటర్ల ఫియట్ ఇంజిన్, 90 హార్స్‌పవర్, టైమింగ్ చెయిన్ (వాల్వులను సమయానికి తెరిచి మూసే గొలుసు; కొన్ని బండ్లలో దీని బదులు బెల్టు ఉంటుంది). మనవైపు ఈ ఇంజిన్ తెలియని మెకానిక్ ఉండడు. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా అన్నింటిలోనూ ఇదే కుటుంబం. ఐదుగురి కుటుంబం, నెలకు వెయ్యి పైన వాడకం ఉంటే ఈ రెండు జిల్లాల్లో మా మొదటి ఓటు దీనికే. ఆయిల్ సకాలంలో మార్చకపోతే మాత్రం చెయిన్ సాగుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ముందువైపు నుంచి గొలుసు ఆడినట్టు గలగల వినిపించి, రెండు మూడు సెకన్లలో పోకపోతే చెయిన్ కిట్ ఖర్చు బేరంలోంచి తగ్గించండి. రెండు వేల ఆర్పీఎం లోపు ఇంజిన్‌లో లాగే శక్తి తక్కువ. ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు గేరు తగ్గించకుండా తోసేవాళ్లు క్లచ్ ప్లేటు త్వరగా తినేస్తారు. పాత ఓనరు ఎలాంటి డ్రైవరో క్లచ్ చెబుతుంది. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఈ బండికి పెద్దల భద్రతకు నాలుగు స్టార్లు వచ్చాయి. 2020 ఫిబ్రవరి నుంచి వచ్చిన 1.5 పెట్రోలు బ్రెజ్జా తక్కువ తిరిగేవాళ్లకు బెడద లేని బండి. పికప్ మీద ఆశలు పెట్టుకోకండి.

బొలెరో గురించి మనవైపు చెప్పక్కర్లేదంటారు గానీ, చెప్పాల్సిందే ఎక్కువ. 2016లో పవర్ ప్లస్ వచ్చినప్పుడు పొడవు నాలుగు మీటర్ల లోపుకు తగ్గి, 2.5 లీటర్ల పాత ఇంజిన్ స్థానంలో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఎంహాక్ వచ్చింది. బరువులు మోయడానికి పాత 2.5 మొద్దు ఇంజినే ఇష్టపడేవాళ్లు ఉన్నారు. దానికి పికప్ లేదు, ప్రాణం గట్టిది. అయితే వయసు చూసుకోవాలి. ఛాసిస్ ఫ్రేమ్ మీద బాడీ కూర్చోబెట్టిన బండి, వెనక కమాన్ పట్టీలు, వెనక చక్రాలకు డ్రైవ్. కాగితం మీద నేల నుంచి ఎత్తు 180 మిల్లీమీటర్లే, బ్రెజ్జా 198 కంటే తక్కువ. అయినా గుంతల రోడ్లకు బొలెరో ఎందుకు నిలుస్తుందంటే, దెబ్బ తగిలినా వంగేది, విరిగేది తక్కువ. విరిగినా రాజాంలోనో పార్వతీపురంలోనో ఆ పూటే సామాను దొరుకుతుంది.

బొలెరోలో చూడాల్సినవి: డోర్ల కింది అంచు, ఫుట్‌బోర్డు మూలలు, కమాన్ పట్టీల బ్రాకెట్లు తుప్పు పట్టాయా అని, 60 నుంచి 80 వేగంలో వెనక డిఫరెన్షియల్ నుంచి ఊళ వినిపిస్తోందా అని, గేరు వేసి వదిలేటప్పుడు కింద నుంచి "టక్" మంటోందా అని. ఆ టక్ ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులది, చవకైన పనే. డిఫరెన్షియల్ ఊళ ఖరీదైనది. భద్రత విషయంలో ఆశలు వద్దు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కావాలంటే 2019 చివరి తర్వాతి బండే చూడాలి. దీని అన్నగారు బొలెరో నియోకి 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఒక్క స్టారే వచ్చింది. పిల్లలతో హైవే మీద వందకు పైగా పోయేవాళ్ల బండి కాదిది.

ఇంకో విచిత్రం ఉంది. రెండు మూడేళ్ల బొలెరోకి చెప్పే ధర వింటే కొత్తదే కొనుక్కోవచ్చు అనిపిస్తుంది. నిజంగానే కొనుక్కోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1500 సీసీ లోపు డీజిల్ బండ్ల మీద పన్ను 31 శాతం నుంచి 18కి దిగింది. బొలెరో, నెక్సాన్ డీజిల్, ఎక్స్‌యూవీ300 స్థానంలో వచ్చిన 3ఎక్స్‌ఓ డీజిల్ అందులోకే వస్తాయి. పాత ఓనర్లు మాత్రం తాము కొన్న ధర పట్టుకుని బేరం మొదలుపెడతారు. వాళ్ల బిల్లు మీకు అనవసరం. ఈ రోజు కొత్త బండి ఆన్‌రోడ్ ధర ఎంతో షోరూంలో రాయించుకుని, ఆ కాగితం పట్టుకుని వెళ్లండి. బొలెరో కొనాలంటే ఐదు నుంచి ఏడేళ్ల వయసుది చూడండి, లేదా కొత్తది.

స్కార్పియో మనసుకు నచ్చే బండి, అందుకే జాగ్రత్త. 2014లో కొత్త ఫ్రేమ్‌తో వచ్చినది, 2.2 ఎంహాక్ ఇంజిన్ ఉన్నది మంచిది. ఇంజిన్ సరిగ్గా చూసుకుంటే మూడు లక్షల కిలోమీటర్లు పెద్ద విషయం కాదు. ముందు బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, వీల్ బేరింగులు మాత్రం అరుగుతూనే ఉంటాయి. జాక్ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే తెలిసిపోతుంది. ఎన్నికల తిరుగుళ్లు, ఊరేగింపులు, ఇసుక పనులు చూసిన బండ్లు ఎక్కువ ఉంటాయి గనుక ముగ్గురు నలుగురు ఓనర్లు మారినవి వదిలేయండి. 2016లో ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో సున్నా స్టార్లు వచ్చాయి. కొంటే రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్న వేరియంటే కొనండి. వెనక ఎదురెదురు పక్క సీట్లలో పిల్లల్ని కూర్చోబెట్టి హైవే ఎక్కొద్దు.

హైవే ప్రయాణాలే ఎక్కువైతే 2015 నుంచి 2019 దాకా వచ్చిన క్రెటా 1.6 డీజిల్ దగ్గరికి రావాలి. 128 హార్స్‌పవర్, ఆరు గేర్లు, టైమింగ్ చెయిన్. విజయనగరం నుంచి హైదరాబాదు దాకా నడిపినా నడుం పట్టదు. సర్వీసు ఖర్చు బ్రెజ్జా కంటే ఎక్కువ. క్లచ్ సెట్టు, ముందు షాకులు మార్చాల్సి వస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది. 1.4 డీజిల్ టౌన్‌కి చాలు, నిండా మనుషులతో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కాలంటే 1.6 కావాలి. ఇందులో ఆటోమేటిక్ కావాలంటే టార్క్ కన్వర్టర్ ఉన్న ఆరు గేర్ల పెట్టె నమ్మకమైనది. 2020 తర్వాతి టర్బో పెట్రోలు క్రెటా, సెల్టోస్‌లలో వచ్చే ఏడు గేర్ల డీసీటీ అనే ఆటోమేటిక్ గేరుపెట్టె రెండు పొడి క్లచ్‌లతో పనిచేస్తుంది. ఘాట్‌లో లారీ వెనక పాకుతున్నప్పుడు, అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో అది వేడెక్కుతుంది. ఘాట్ రోడ్లే మీ దారి అయితే దాన్ని పక్కన పెట్టండి.

ఇన్నోవా ఎస్‌యూవీ కాదు. అయినా ఏడుగురి కుటుంబానికి బండి వెతికేవాళ్లు చివరికి దీని దగ్గరికే వస్తారు. 2016 ముందు వచ్చిన 2.5 డీజిల్‌కి టైమింగ్ బెల్టు. లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్ల మధ్య మార్చి ఉండాలి. బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకుని బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు ఖర్చు తగ్గించండి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ హెడ్ పోతుంది. 2016 తర్వాతి క్రిస్టా 2.4కి చెయిన్. ఇన్నోవాకి అసలు ప్రమాదం ఇంజిన్ కాదు, దాని గతం. ట్రావెల్స్‌లో ఎల్లో బోర్డుగా నాలుగు లక్షలు తిరిగి, తెల్ల బోర్డుకి మారి, మీటరు మీద 1,10,000 చూపించే బండ్లు ఉంటాయి. ఆర్సీ చరిత్రలో వాహన తరగతి మారిందా అన్నది తప్పక చూడండి. 2009 తర్వాతి పాత ఫార్చ్యూనర్ 3.0కి కూడా టైమింగ్ బెల్టే. టైర్ల నుంచి బ్రేకు ప్యాడ్ల దాకా అన్నీ పెద్ద ఖర్చే, కాబట్టి ఎనిమిది లక్షలకు ఫార్చ్యూనర్ దొరికిందని మురిసిపోయే ముందు ఆలోచించండి.

మిగతావి క్లుప్తంగా. నెక్సాన్‌కి 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు స్టార్లు ఇచ్చింది. ధరకు తగ్గ భద్రత దీనిలోనే ఎక్కువ. తొలి రెండేళ్ల బండ్లలో చిన్న చిన్న ఎలక్ట్రానిక్ చికాకులు, లోపల గడగడలు ఉంటాయి, కాబట్టి 2019 తర్వాతిది తీసుకోండి. ఎక్స్‌యూవీ300 డీజిల్ బలమైన ఇంజిన్, 2020లో ఐదు స్టార్లు, డిక్కీ చిన్నది. డస్టర్ 85 డీజిల్ నడపడానికి నిజంగా మంచి బండి, గుంతల మీద దాని సస్పెన్షన్‌కు ఈ జాబితాలో సాటి లేదు. అయితే టైమింగ్ బెల్టు ఉంది, 2022లో ఆ బండి ఆగిపోయింది, బాడీ సామానుకి విశాఖ వైపు చూడాల్సి రావచ్చు. 110 హార్స్‌పవర్‌ది మరీ ఖర్చు. ఎకోస్పోర్ట్ డీజిల్ కూడా ఇదే కోవ: బండి మంచిదే, ఫోర్డ్ మాత్రం 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. విశాఖలో ఉంటే చూడొచ్చు, ఇచ్ఛాపురంలో ఉంటే వద్దు. ఎకోస్పోర్ట్ పాత పెట్రోలు ఆటోమేటిక్, చిన్న 1.0 టర్బో పెట్రోలు రెండూ వద్దు. ఎక్స్‌యూవీ500 తొలి మూడేళ్ల బండ్లు ఎంత చౌకైనా వదిలేయండి; 2018 తర్వాతిది, ఒకే ఓనరుది, పూర్తి సర్వీసు చరిత్ర ఉన్నది అయితేనే ఆలోచించండి.

బండి ఎక్కడి నుంచి వచ్చింది

నంబరు ప్లేటే కొంత చెబుతుంది. ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చింది గనుక కొత్త బండి ఏ జిల్లాదో ప్లేటు చూసి తెలియదు, ఆర్సీ మీద అడ్రసు చూడాలి. ఆ అడ్రసు ఎందుకంటే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి బండ్లను కడిగి, ఎండబెట్టి, దూరపు ఊళ్లలో అమ్ముతారు. 2024 ఆఖరులో ఓనరు మారిన విజయవాడ బండి అంటే రెండోసారి చూడాలి.

నీటిలో మునిగిన బండిని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు, ఓపిక కావాలి. సీటు బెల్టును ఆఖరి దాకా లాగి చూడండి, బురద గీత అక్కడ మిగిలిపోతుంది. సీటు పట్టాల బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద దాగిన స్క్రూలు, స్టెప్నీ గుంత అడుగు చూడండి. పెడల్స్ పైన ఉన్న బ్రాకెట్ తుప్పు పట్టి ఉంటే నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే. ఫ్యూజు బాక్సు కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉంటే బేరం ఆపేయండి. ఇంజిన్ బాగైనా వైరింగ్ రెండేళ్లపాటు ఒక్కొక్కటిగా పోతూనే ఉంటుంది.

మునగకపోయినా ఉప్పుగాలి ఉంది. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం లాంటి తీరపు ఊళ్లలో ఆరుబయట ఉన్న బండికి అడుగున తుప్పు మామూలే. రొయ్యల చెరువుల మీద తిరిగిన బండికి ఇంకా ఎక్కువ. పిట్ మీదికి ఎక్కించి ఛాసిస్ అడ్డపట్టీలు, బ్రేకు పైపులు, జాక్ పెట్టే చోట్లు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము డొల్లగా మోగి పెచ్చులు రాలుస్తుంది. అడుగంతా కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే అది సంరక్షణ కాదు, ముసుగు అనుకోండి. పైపై తుప్పుకి భయపడక్కర్లేదు.

పాతపట్నం దాటితే పర్లాకిమిడి. అక్కడి నుంచి, బరంపురం, రాయగడ నుంచి ఒడిశా నంబరు బండ్లు మనవైపు బేరానికి వస్తాయి. హైదరాబాదు నుంచి తెలంగాణ బండ్లు కూడా. ధర ఊరిస్తుంది. కానీ వేరే రాష్ట్రపు బండి ఏడాదికి మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, దానికి ఆ రాష్ట్రపు ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ ట్యాక్స్ బండి ధర, వయసుల మీద ఆధారపడుతుంది. అడ్వాన్సు ఇచ్చే ముందే రవాణా కార్యాలయంలో లెక్క వేయించుకోండి. ట్యాక్స్ కలిపాక లోకల్ బండే చౌక అని తేలడం మామూలు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద పెట్టిన ఆంక్షల వల్ల అక్కడి ఫార్చ్యూనర్లు, స్కార్పియోలు దక్షిణానికి వచ్చాయి. వాటికి పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి, పైగా 15 ఏళ్ల రిజిస్ట్రేషన్‌లో మిగిలేది నాలుగైదేళ్లే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కార్లకు 600 నుంచి 5,000 అయింది.

చూసే రోజు

ముందురోజే ఫోన్ చేసి "స్టార్ట్ చేయకుండా ఉంచండి, మేము పొద్దున్నే వస్తాం" అని చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి వేయండి. వేడిగా ఉంటే ఏదో దాచడానికే ముందు స్టార్ట్ చేసి ఉంచారు. ఇంకో రోజు రండి.

చల్లటి ఇంజిన్‌కి రేడియేటర్ మూత తీసి చూడండి (వేడిగా ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ తీయొద్దు). కూలెంట్ ఆకుపచ్చో ఎర్రో నీలమో, ఏదో ఒక తేట రంగులో ఉండాలి. తుప్పు నీళ్లలా ఉంటే బోరు నీళ్లు పోస్తూ వచ్చారు, ఇంజిన్ లోపలి నీటి దారులు తుప్పు తిని ఉంటాయి. పైన నూనె తెట్టు తేలితే హెడ్ గ్యాస్కెట్ అనుమానం. స్టార్ట్ చేశాక ఆయిల్ పోసే మూత వదులు చేసి దాని మీదే పెట్టండి. కొంచెం ఆవిరి మామూలే. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పున వస్తే సిలిండర్ గోడలు అరిగాయి, పిస్టన్ రింగులు పోయాయి. పొగగొట్టం నుంచి నీలం పొగ అంటే ఆయిల్ తాగుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది, లేదా డీజిల్‌లో ఇంజెక్టర్ కారుతోంది. నల్ల పొగ ఇంజెక్టరో, టర్బో పైపు లీకో, ఒక్కోసారి మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరో కావచ్చు.

నడిపేటప్పుడు పాటలు ఆపేయించండి. ఫ్లైఓవర్ ఎక్కేచోట మూడో గేరులో 30 వేగం నుంచి గట్టిగా తొక్కండి. ఆర్పీఎం ముల్లు పైకి పరుగెత్తి వేగం వెనకబడితే క్లచ్ జారుతోంది. ఖాళీ రోడ్డు మీద 60 దగ్గర స్టీరింగ్ వదులుగా పట్టుకుని బ్రేకు వేయండి. పక్కకు లాగితే క్యాలిపర్, స్టీరింగ్ వణికితే డిస్క్. ఏసీ ఆన్ చేసి పది నిమిషాలు నిలబెట్టి టెంపరేచర్ ముల్లు గమనించండి. మే నెల ఎండలో చేసే పరీక్షకు డిసెంబరు పొద్దుట చేసే పరీక్ష సాటిరాదు, అందుకే చలికాలం కొనేవాళ్లు మధ్యాహ్నం కూడా ఒకసారి నడపాలి.

టైర్ల పక్కగోడ మీద డాట్ అనే గుర్తు చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. మీటరు 35 వేలు చూపిస్తూ, బండి తయారైన మూడేళ్ల తర్వాతి టైర్లు నాలుగూ ఉంటే ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు, మీటరో మనిషో. టైర్లు మార్చాల్సి వస్తే బ్రెజ్జా 215/60 ఆర్16 సెట్టు ముప్పై వేల చుట్టూ ఉంటుంది, స్కార్పియో, ఎక్స్‌యూవీ500 లకు వచ్చే 235/65 ఆర్17 నలభై దాటుతుంది.

మీటరు నిజం తెలుసుకోవడానికి మూడు దారులు. ఒకటి, కంపెనీ సర్వీసు సెంటరులో ఓనరు చేతే సర్వీసు చరిత్ర ప్రింటు తీయించడం. తేదీ, కిలోమీటర్లు వరసగా పెరగాలి. రెండు, స్కానరు పెట్టించి ఇంజిన్ కంప్యూటర్లో ఉన్న కిలోమీటర్లతో పోల్చడం. ఇంజిన్ లోపాలు చూపే కోడ్లు నిన్ననే చెరిపేశారా అన్నది కూడా స్కానరు చెబుతుంది. మూడోది ఎవరూ అడగరు: ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. "ఊళ్లోనే తిప్పామండీ" అన్న బండికి మడపాం, నాతవలస టోల్‌గేట్లు రోజు విడిచి రోజు పడి ఉంటే ఆ మాట విలువ తెలిసిపోతుంది.

యాక్సిడెంట్ సంగతికి ఇన్సూరెన్స్ పాలసీ తెరవండి. నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై, క్లెయిమ్ లేకపోతే ఐదేళ్లకు 50 దాకా పెరుగుతుంది. ఆరేళ్ల బండి, ఒకే ఓనరు, గీత కూడా పడలేదంటారు. పాలసీలో బోనస్ సున్నా ఉంటుంది. ఎందుకో అడగండి. తర్వాత బోనెట్, ఫెండర్లు, డోర్ల బోల్టుల తలలు చూడండి. పానా తగిలి పెయింటు లేచి ఉంటే ఆ భాగం విప్పారు. ఒక డోరో బంపరో టింకరింగ్ జరిగితే ఫరవాలేదు. ముందు రేడియేటర్ పట్టీ, ఛాసిస్ కొమ్ములు, డోర్ల మధ్య స్తంభాలు వెల్డింగ్ చూసి ఉంటే మాత్రం ధర ఎంతయినా వద్దు.

డబ్బు, కాగితాలు

మీ దగ్గర ఏడు లక్షలుంటే ఆరు లక్షల బండే చూడండి. మిగిలిన లక్షలో ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లన్నీ, బ్రేకు ఆయిల్, కూలెంట్, గేరుపెట్టె ఆయిల్, బెల్టులు, బ్యాటరీ, అవసరమైతే టైర్లు వస్తాయి. పాత ఓనరు "నిన్ననే చేయించాం" అన్నా సరే, బిల్లు లేని సర్వీసు జరగనట్టే లెక్క.

ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు, ఆ పేరు తీసేయించే ఫారం 35 కావాలి. అప్పు తీరింది, కాగితం తర్వాత ఇస్తామన్న మాట మీద పూర్తి డబ్బు ఇవ్వొద్దు. మిగిలిన అప్పు ఉంటే మీ డబ్బులోంచి నేరుగా బ్యాంకు లోన్ ఖాతాకి కట్టించి రసీదు తీసుకోండి. సీజింగ్ బండ్లు వేలంలో చౌకగా వస్తాయి గానీ నడిపి చూడనివ్వరు, రెండో తాళం ఉండదు, చలాన్లు పేరుకుని ఉంటాయి. మెకానిక్ పక్కన లేకుండా అటు వెళ్లొద్దు. ఛాసిస్ నంబరును బండి మీద చెక్కినదాన్నీ, ఆర్సీలోదాన్నీ, ఎంపరివాహన్ యాప్‌లోదాన్నీ కలిపి చూడండి. ఈ-చలాన్లు అమ్మేవాడే కట్టాలి.

మనవైపు ఒక చెడ్డ అలవాటు ఉంది: ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు చేయించుకుని, ట్రాన్స్‌ఫర్ చేయకుండా బండి మూడు చేతులు మారడం. ఆఖరున కొన్నవాడికి ఆర్సీలో ఉన్న మనిషి దొరకడు. అమ్మినవాడికీ ముప్పే. రిజిస్టర్లో పేరున్నవాడే ఓనరు, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆర్సీలో ఉన్న వ్యక్తి ఎదురుగా లేకుండా బేరం ముగించవద్దు, బ్రోకరు ఎంత పెద్దమనిషైనా సరే. ధరలో పదో వంతు ట్రాన్స్‌ఫర్ పూర్తయ్యాక ఇచ్చేలా రాసుకోండి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి.

ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చుకోవాలి. థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటే వచ్చినా, మీ బండికి జరిగిన నష్టానికి పాత పేరు మీది పాలసీ పైసా ఇవ్వదు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు. ఆ తేడా ప్రీమియం మీరు కట్టాలి, బేరంలో అదీ కలుపుకోండి. పాత ఫాస్టాగ్ ఆయన చేత మూయించి, మీ పేరున కొత్తది అంటించాకే హైవే ఎక్కండి.